అక్షరం నడిచిన దారి – 17: ఫలక్‌నుమాలో చుక్కల రాత

పోయిన భాగంలో ఛత్తా బజార్ దగ్గర ఆగాం. రెల్లు కలం చెక్కుకుని పెళ్లి పత్రికలు రాసిచ్చిన కాతిబుల, అంటే ఉర్దూ రాతగాళ్ల గల్లీ అది. ఈసారి అక్కణ్నుంచి దక్షిణం పట్టి, చార్మినార్ దాటి, శాలిబండ, అలియాబాద్, శంషీర్‌గంజ్ మీదుగా ఫలక్‌నుమా చేరదాం. గుట్ట మీది ప్యాలెస్ గురించి రాస్తానని అనుకునే పాఠకులు ఉంటారు. దాని కథ రెండు ముక్కల్లో చెప్పేసుకుందాం. పైగా వంశపు నవాబు వికార్ ఉల్ ఉమ్రా 1884లో పునాది వేయించాడు. కట్టడానికి తొమ్మిదేళ్లు పట్టింది. కొన్నాళ్లకు అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లింది. 2010 నుంచి హోటల్. ఈ భాగానికి కావలసింది మాత్రం గుట్ట కింద ఉంది. స్టేషన్ రోడ్డులో ఒక సెల్‌ఫోన్ రిపేరు దుకాణం నెత్తిన, ఎర్ర చుక్కలతో పాకుతూ పోయే స్క్రోలింగ్ బోర్డు.

మగ్రిబ్ నమాజు వేళ దాటింది. ఎంఎంటీఎస్ రైలు దిగిన జనం ఆటోల కోసం గుమిగూడారు. బోర్డు మీద దుకాణం పేరు పోయింది, ఫోన్ నంబరు పోయింది, చివర ఊరి పేరు వచ్చింది. ‘పలక్‌నుమా’ అని ఉంది. రెండోసారి తిరిగొచ్చేదాకా నిలబడ్డాను. మళ్లీ ‘పలక్‌నుమా’. దగ్గరికి వెళ్లి తలెత్తి చూస్తే సంగతి తెలిసింది. ‘ఫ’ అడుగున ఉండాల్సిన చిన్న నిలువు గీతకు ఆ బోర్డులో దక్కింది ఒకే ఒక్క చుక్క. ఆ చుక్క పడాల్సిన వరుసలో దీపాలేవీ వెలగడం లేదు. ఆ వరుస మొత్తం చచ్చిపోయి ఉంది.

దుకాణంలో బోర్డులు బిగించే కుర్రాడే కూర్చుని ఉన్నాడు. “ఏం పోయింది భాయ్?” అని అడిగాను.

“నీచే వాలీ లైన్ పోయింది సార్. ఇంగ్లీష్ అయితే తెలవది, చల్తా హై. తెలుగు పెడితేనే పరేషాన్. కిందికెల్లి కట్ అయితది,” అన్నాడు.

ఉర్దూలో ఫలక్ అంటే ఆకాశం. పలక్ అంటే కనురెప్ప. ఆకాశానికి అద్దం లాంటిదని పేరు పెట్టుకున్న ఊరు ఒక్క వరుస దీపాలు పోయేసరికి కనురెప్ప అయింది. ఆ కుర్రాడు చెప్పిన ‘కిందికెల్లి కట్ అయితది’ అన్న మాటలోనే ఈ భాగం చరిత్రంతా ఉంది. చుక్కలు తక్కువైనప్పుడు ఏ లిపికి ఏం జరిగింది, ఎవరు గట్టెక్కారు, మనం ఎక్కడ ఆగిపోయాం అన్నది చూద్దాం.

చుక్కతో అక్షరాన్ని కొలవడం పాతబస్తీకి కొత్త సంగతి కాదు. కాతిబు కలాన్ని ఏటవాలుగా ఒకసారి కాగితం మీద నొక్కితే వజ్రం ఆకారంలో చుక్క పడుతుంది. అది నుక్తా. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో వజీరుగా చేసిన ఇబ్న్ ముఖ్లా అక్షరాల నిష్పత్తులన్నిటినీ ఈ నుక్తాతోనే కొలిచే పద్ధతి పెట్టాడు. ఉర్దూ రాసే నస్తలీఖ్ శైలిలో అలిఫ్ అక్షరం ఎత్తు మూడు నుక్తాలు. శిష్యుడు అలిఫ్ రాసి, పక్కన మూడు చుక్కలు పేర్చి సరిచూసుకుంటాడు. చుక్క అక్కడ కొలబద్ద. అర్థం కూడా దానిదే. ఫే అక్షరానికి పైన ఒక చుక్క, పే అక్షరానికి కింద మూడు. ఫలక్, పలక్ తేడా ఉర్దూలోనూ చుక్కల్లోనే ఉందన్నమాట.

మన ఇళ్ల ముందు వాకిట్లోనూ చుక్కలే. ఏడు చుక్కలు ఏడు వరుసలు పెట్టి, వాటి చుట్టూ గీత తిప్పితే ముగ్గు. కానీ ముగ్గులో చుక్కలు గీతకు దారి చూపి తప్పుకుంటాయి. ఎర్ర బోర్డు మీద గీత అంటూ వేరే లేదు. వెలిగిన చుక్కలే గీత. దానికి దగ్గరి చుట్టం వెతకాలంటే అమ్మమ్మలు గళ్ల గుడ్డ మీద వేసిన ఎక్స్ కుట్టు. గడి లెక్క పెట్టి పేరు కుట్టిన దిండు గలీబు ఒకప్పుడు ఇంటింటా ఉండేది. సగం గడి కుట్టడానికి వీలుండదు. ఉంటే నిండు గడి, లేకపోతే ఖాళీ. ఈ చుక్కల రాత, అంటే పిక్సెల్ రాత నియమం కూడా అంతే.

ఇంగ్లీషు ఈ నియమానికి తేలిగ్గా ఒదిగింది. అడ్డంగా 5, నిలువుగా 7, మొత్తం 35 చుక్కలు ఉంటే 26 పెద్దక్షరాలూ పది అంకెలూ వచ్చేస్తాయి. అక్షరాలు చూపించాల్సిన చిన్న యంత్రాల తెరలు చాలా ఆ 35 చుక్కలతోనే బతికాయి. వీడియో గేములు వచ్చాక 8 వరుసలు, 8 నిలువు గళ్ల చదరం స్థిరపడింది. దాని వెనక కారణం లెక్కే. ఒక్కో వరుసలో 8 గళ్లు అంటే 8 బిట్లు, అంటే సరిగ్గా ఒక బైటు. అక్షరానికి 8 బైట్లు. 256 అక్షరాల ముఠా మొత్తం 2 కిలోబైట్లలో సర్దుకుంటుంది. మెమరీ చిప్పు బంగారంతో సమానంగా ఉన్న రోజుల్లో ఇది పెద్ద ఆదా.

వీడియో గేముల అక్షరాల చరిత్ర రాసిన టోషి ఒమగారి ఆ ప్రసిద్ధమైన లావు అక్షరాల మూలాన్ని 1976 నాటి ‘క్విజ్ షో’ అనే గేములో చూపిస్తాడు. తర్వాత జపాన్ కంపెనీ నామ్‌కో దాన్ని వాడింది. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ ఆడినవాళ్లు ఆ అక్షరాలు చూసే ఉంటారు. వాటిలో అడ్డగీత ఒక చుక్క మందం, నిలువు గీత రెండు చుక్కల మందం. అంత లావు ఎందుకంటే అప్పటి తెరలు టీవీ పెట్టెలు. ఒక్క చుక్క వెడల్పు నిలువు గీత ఆ తెర మీద వెలవెలబోయేది. రెండు చుక్కలు పెడితే నిలబడేది. ఈ రోజు టీషర్టుల మీద, సినిమా పోస్టర్ల మీద ‘రెట్రో’ అని మురిపెంగా వాడుకుంటున్న ఆ బొద్దుతనం తెర లోపాన్ని దాటడానికి వేసిన ఉపాయం. గూగుల్ ఫాంట్స్‌లో ‘ప్రెస్ స్టార్ట్ 2పి’ అనే పేరుతో ఎవరైనా దించుకోగలిగేది ఆ వంశపు ఖతే.

మన దగ్గర ఆ అక్షరాలు రెండు దారుల్లో దిగాయి. ఒకటి 1990ల్లో గల్లీ గల్లీకి వచ్చిన టీవీ గేము. పసుపు రంగు క్యాసెట్టు, తీగలు వేలాడే రిమోట్లు, అద్దెకు గంట లెక్కన ఆడించే దుకాణాలు. మారియో, కాంట్రా ఆడుతూ ఇంగ్లీషు పెద్దక్షరాలను మొదట ఆ చుక్కల రూపంలోనే కూడబలుక్కున్న పిల్లలు చాలామంది. రెండోది బడి దారి. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే కంప్యూటర్ అక్షరాస్యత పథకం మొదలుపెట్టి దేశంలో దాదాపు 250 బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. ఆ యంత్రంలో ఓ చక్కని సౌకర్యం ఉంది. ‘వీడీయూ 23’ అని ఆజ్ఞ కొట్టి, ఏ అక్షరమో తెలిపే నంబరు, దాని వెంట ఎనిమిది సంఖ్యలు ఇస్తే మీకు కావలసిన అక్షరాన్ని మీరే పుట్టించుకోవచ్చు.

అదెలాగో ఒక్కసారి చేసి చూద్దాం. లెక్కల నోటుబుక్కులో ఎనిమిది గళ్ల చదరం గీయండి. ఎడమ నుంచి ఒక్కో గడికి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువలు. ఇప్పుడు మన సున్న రాద్దాం. పై వరుసలో నడిమి నాలుగు గళ్లు నింపితే 32, 16, 8, 4 కలిపి 60. రెండో వరుసలో రెండో గడి, ఏడో గడి: 66. తర్వాతి నాలుగు వరుసల్లో ఈ చివరా ఆ చివరా: 129. మళ్లీ 66, చివర మళ్లీ 60. అంటే 60, 66, 129, 129, 129, 129, 66, 60 అని కొడితే తెర మీద గుండ్రటి సున్న కూర్చుంటుంది. తెలుగు అక్షరమాలలో చుక్కల గళ్లకు ఇంత సులువుగా లొంగేది సున్నే. దాని పక్కన ‘ఘ’ రాయడానికి కూర్చుంటే ఎనిమిది గళ్లు ఏ మూలకూ చాలవు.

1984లోనే అమెరికాలో మరో పని జరిగింది. ఆ జనవరిలో వచ్చిన మ్యాకింటోష్ కంప్యూటర్ తెర 512 చుక్కల వెడల్పు, 342 చుక్కల ఎత్తు. ఆ తెర మీద మెనూలకు, శీర్షికలకు ఒక లావు ఖతి కావాలి. సుసాన్ కేర్ అనే చిత్రకారిణి దాన్ని గళ్లలో గీసింది. ఆమె అంతకుముందు కంప్యూటర్ మనిషి కాదు. శిల్పం, చిత్రకళ చదివింది. గీత నిలువుగా పోవాలి, అడ్డంగా పోవాలి, లేదా సరిగ్గా ఏటవాలుగా 45 డిగ్రీల్లో పోవాలి, ఇంకెటూ వంగకూడదని కట్టడి పెట్టుకుంది. దాంతో మెట్లు మెట్లుగా కనిపించే అంచులు తగ్గాయి. ఆ ఖతి పేరు చికాగో. తర్వాత 2001లో వచ్చిన మొదటి ఐపాడ్ చిన్న తెర మీదికి కూడా ఆ ఖతినే తెచ్చారు.

ఆ పేరు వెనక నాకు ఇష్టమైన ముచ్చట ఒకటుంది. మ్యాకింటోష్ బృందం మొదట తన ఖతులకు ఫిలడెల్ఫియా లోకల్ రైలు ఆగే చిన్న చిన్న స్టేషన్ల పేర్లు పెట్టుకుంది. ఓవర్‌బ్రూక్, మెరియన్, ఆర్డ్‌మోర్, రోజ్‌మాంట్. స్టీవ్ జాబ్స్ చూసి, ఊరూ పేరూ లేని స్టేషన్లేమిటి, ప్రపంచమెరిగిన నగరాల పేర్లు పెట్టమన్నాడు. అలా చికాగో, జెనీవా, న్యూయార్క్ వచ్చాయి. లోకల్ రైలు స్టేషన్ పేరు ఖతికి పెట్టుకోవడం నాకు మాత్రం తప్పనిపించదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీనికే వస్తాను.

ఇక మన లెక్క. 36 హల్లులు, ఒక్కో హల్లుకు 12 గుణింతాలు అనుకుంటే 432 రూపాలు. అచ్చులు వేరే. ఒక్కో రూపానికి 16 వరుసలు, 16 నిలువు గళ్లు కేటాయిస్తే 32 బైట్లు. గుణింతాలకే 13,824 బైట్లు అయిపోయాయి. బీబీసీ మైక్రో మోడల్ బి యంత్రం మొత్తం మెమరీ 32 కిలోబైట్లు. అందులో ఇంచుమించు సగం గుణింతాలకే పోయింది, ఇంకా ఒక్క వత్తు కూడా రాయలేదు. ఇంగ్లీషుకు 2 కిలోబైట్లలో తీరిన పని ఇది. తెలుగు గొప్పా, ఇంగ్లీషు గొప్పా అన్న వాదన ఇక్కడ అక్కరలేదు. గుండ్రటి అక్షరం, పైన తలకట్టు, కింద వత్తు అనే మూడంతస్తుల లిపిని ఒక అంతస్తు లిపి కోసం కట్టిన ఇంట్లో ఉండమన్నారు. కష్టం అక్కడ వచ్చింది.

ఆ ఇంటిని మన లిపులకు తగ్గట్టు మార్చే పని ఐఐటీ కాన్పూర్‌లో మొదలైంది. 1983లో అక్కడ దేవనాగరి టెర్మినల్ తయారైంది. అదే పరిజ్ఞానం 1988లో పుణేలో పుట్టిన సీ-డ్యాక్ చేతికొచ్చి, ‘జిస్ట్’ పేరుతో కంప్యూటర్‌లో గుచ్చే కార్డు అయింది. ఆ కార్డు ఉంటే డాస్ తెర మీద తెలుగు అక్షరం వత్తుతో సహా కనబడేది. 1991లో ఇస్కీ ప్రమాణం వచ్చింది. బ్రాహ్మీ నుంచి పుట్టిన భారతీయ లిపులకు ఒకే సంకేతాల పట్టిక, రూపం కట్టే పని యంత్రానిది. ప్రింటర్ల సంగతి వేరే బాధ. తొమ్మిది సూదుల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఇంగ్లీషు వరుసను ఒక్క ఊపులో కొట్టేసేది. తెలుగు వరుసకు ఆ తల రెండు మూడు సార్లు తిరగాల్సి వచ్చేది. తలకట్టుకు ఒకసారి, ఒంటికి ఒకసారి, వత్తుకు ఇంకోసారి. కాగితం వెంట్రుకవాసి జరిగినా అక్షరం నడుము దగ్గర విరిగేది. 24 సూదుల ప్రింటర్లు వచ్చాక ఆ బాధ తగ్గింది.

ఉర్దూకు వచ్చిన కష్టం ఇంతకంటే పాతది. నస్తలీఖ్ అక్షరాలు పై నుంచి కిందికి ఏటవాలుగా జారుతూ కలుస్తాయి, పక్క అక్షరాన్ని బట్టి రూపం మారుస్తాయి. నిజాం సర్కారు నస్తలీఖ్ టైపురైటర్ కోసం ప్రయత్నించి, కుదరదని వదిలేసింది. చివరికి 1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ ఆ చిక్కు విప్పాడు. అక్షరాల జోలికి పోకుండా, వేల కొద్దీ అక్షరాల కలయికలను చేత్తో రాసి కంప్యూటర్‌కెక్కించాడు. దాన్నే నూరీ నస్తలీఖ్ అన్నారు. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చాక పత్రికల్లో కాతిబుల కొలువులు పోయాయి. ఆ కథ పోయిన భాగంలో చెప్పుకున్నాం. ఇక్కడ కావలసింది ఒక్కటే. చేయి తిరిగిన కాతిబు స్వయంగా కూర్చుని రాసిచ్చాడు కాబట్టే యంత్రంలో ఆ రాత సొగసు బతికింది.

తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే 128 గళ్ల చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఖతి ఇళ్లలోకి వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఖతులు కంప్యూటర్‌లో తెలుగు రాసేవాళ్లకు ఆసరా అయ్యాయి. ఆ తర్వాతి దశాబ్దంలో సిలికానాంధ్ర అష్టదిగ్గజాల పేర్లతో, మరికొందరి పేర్లతో ఉచితంగా ఖతులు విడుదల చేసింది. వాటిలో పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన ‘రామభద్ర’ లావుగా, బరువుగా, దూరం నుంచి చదవడానికి వీలుగా ఉంటుంది. ఫ్లెక్సీ మీద వేస్తే నిండుగా నిలుస్తుంది. ఇవన్నీ నున్నటి వంపులతో గీసిన ఖతులు. అచ్చుకు, పెద్ద తెరకు బాగుంటాయి.

ఈలోగా జనం చేతిలోకి వచ్చిన తెర మాత్రం చిన్నది. నోకియా 3310 తెర 84 చుక్కల వెడల్పు, 48 చుక్కల ఎత్తు. తెలుగు మూడంతస్తులకు వరుసకు 16 చొప్పున ఇస్తే మూడే వరుసలు పడతాయి. ఎస్సెమ్మెస్ సంగతి చూడండి. ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే సందేశం యూనికోడ్ తెలుగులో 70 దగ్గరే నిండిపోతుంది. ‘నువ్వు’ అన్న ఒక్క మాటకే ఆరు గళ్లు ఖర్చు. డబ్బు లెక్కపెట్టుకుని సందేశాలు పంపిన తరం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడానికి అలవాటు పడింది. ఆ అలవాటును బద్ధకం అని తిట్టేవాళ్లతో నేను ఏకీభవించను. తెలుగు రాస్తే రెట్టింపు ఖర్చయ్యే ఏర్పాటు అది.

మళ్లీ ఎర్ర బోర్డు దగ్గరికి వద్దాం. బజారులో దాన్ని పీ10 అంటారు. చుక్కకూ చుక్కకూ మధ్య 10 మిల్లీమీటర్లు. ఒక్కో ప్యానెల్ 32 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల ఎత్తు. 32 చుక్కలు అడ్డం, 16 చుక్కలు నిలువు, మొత్తం 512 ఎర్ర దీపాలు. ప్యానెల్ పక్కన ప్యానెల్ తగిలించుకుంటూ పోతే బోర్డు ఎంతైనా సాగుతుంది. ఆ కుర్రాడు వెనక రేకు విప్పి చూపించాడు. పట్టీ లాంటి తీగ ఒక ప్యానెల్ నుంచి ఇంకో ప్యానెల్‌కు పాకుతుంది, చివర అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద కంట్రోలర్ కార్డు. దీపాలన్నీ ఒకేసారి వెలగవు. వరుసలను నాలుగు వంతులు చేసి, ఒక వంతు తర్వాత ఒక వంతు చాలా వేగంగా వెలిగిస్తారు. మన కన్ను వాటిని కలిపి నిండు అక్షరంగా చదువుకుంటుంది. ఫోన్‌తో ఫొటో తీస్తే మాత్రం నల్లటి చారలు పడతాయి.

తెలుగు ఎక్కించాలంటే కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో మాట టైపు చేసి, దాన్ని బొమ్మగా మార్చి, 16 వరుసలకు కుదిస్తారు. అచ్చు కోసం నున్నగా గీసిన ఖతి అక్కడ పీకనొక్కుకుపోతుంది. ఏ చుక్క ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఎవరూ కూర్చుని ఆలోచించరు. యంత్రం సగం గడి కంటే ఎక్కువ నిండితే వెలిగిస్తుంది, తక్కువైతే ఆర్పేస్తుంది. పైన గుడి, గుడిదీర్ఘం తేడా నాలుగు వరుసల్లో తేలాలి. ఒంటికి ఏడు వరుసలు. అడుగున వత్తుకు ఐదు. ‘ల’, ‘ను’, ‘మా’ వంటివి గట్టెక్కుతాయి. ‘లక్ష్మి’ అని రాసిన నగల దుకాణం బోర్డు చూడండి. ష వత్తు, దాని పక్కన మ వత్తు, ఆ రెండూ ఐదు వరుసల్లో ముద్దయిపోతాయి. ‘స్త్రీ’ సంగతి చెప్పనే అక్కరలేదు. ద-ధ, ప-ఫ జంటల్లో తేడా అంతా అడుగు గీతలోనే ఉంది, ఆ గీతకు మిగిలేది ఒక చుక్క.

ఫలక్‌నుమా అన్న పేరులో ఇంకో కిటుకు ఉంది. ‘క్’ పొల్లుగా నిలబడి, ‘ను’ విడిగా రావాలంటే ఆ రెంటి మధ్య కంటికి కనబడని ఒక సంకేతం పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది పెట్టకపోతే ‘ఫలక్నుమా’ అయి, న వత్తు కింద వేలాడుతుంది. ఐదు వరుసల్లో అదీ ముద్దే. పెట్టినా అన్ని బోర్డుల సాఫ్ట్‌వేర్లూ దాన్ని గుర్తించవు. మన అక్షరాలు కలిసే తీరు ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ్ఞ తర్వాత ఆ కనబడని సంకేతం, ఆపై దీర్ఘం ఉన్న ఒకే ఒక్క తెలుగు అక్షరం సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. యాపిల్ అదే నెలలో సరిదిద్దిన సాఫ్ట్‌వేర్ విడుదల చేయాల్సి వచ్చింది. ఆ లోపం మన అక్షరానిది కాదు. ఆ అక్షరం వస్తుందని ఎదురుచూడని యంత్రానిది.

అదే బోర్డు మీద ఉర్దూ వచ్చినప్పుడు గమనించాను. నస్తలీఖ్ జారుడు పోయింది. అక్షరాలన్నీ నస్ఖ్ పద్ధతిలో ఒకే గీత మీద బల్లపరుపుగా నిలబడ్డాయి. ఏటవాలుగా దిగే రాతకు 16 వరుసల్లో చోటెక్కడిది? ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదవాలి కాబట్టి మాట ఎడమ చివర నుంచి లోపలికి రావాలి. మన తెలుగు కుడి చివర నుంచి వస్తుంది. “ఉల్టా సెట్టింగ్ మర్చిపోతే పేరు తోక ముందొస్తది సార్, పెద్దమనుషులు వచ్చి కొట్లాడతరు,” అన్నాడు కుర్రాడు. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయింది. ఫలక్‌నుమాలో అది అంతకు చాలా ముందు నుంచీ వీధి భాష. మూడు లిపులు, 16 వరుసలు. మూడింటిలో నష్టపోకుండా బయటపడింది ఇంగ్లీషు ఒక్కటే.

ఇప్పుడు ప్రపంచంలో పిక్సెల్ ఖతులను అవసరం లేకపోయినా ఇష్టపడి వాడుతున్నారు. సంగీత కచేరీ పోస్టర్లు, ఆటల పేర్లు, బట్టల బ్రాండ్లు, కాఫీ దుకాణాల గోడలు. బాల్యం గుర్తొస్తుందని, దూరం నుంచి గట్టిగా కొట్టినట్టు కనబడుతుందని. శీర్షికకు, పేరుకు, రెండు మూడు మాటలకు అవి బాగుంటాయి. పేరాలకు పేరాలు వాటితో నింపితే కళ్లు అలసిపోతాయి. తెలుగులో ఆ సరదా కోసం ఎవరైనా గళ్ల ఖతి గీస్తే నేను సంతోషిస్తాను. కానీ మన అవసరం సరదా కంటే ముందుంది. ఇతర దేశాల్లో ఆ అక్షరాలు జ్ఞాపకం అయిపోయాయి. మన వీధుల్లో అవి ఇంకా రోజువారీ తెలుగు. స్టేషన్ ప్లాట్‌ఫాం బోర్డు, బస్సు నెత్తి మీది బోర్డు, కండక్టర్ చేతిలోని టికెట్ మిషన్, గుడి దగ్గర, దర్గా దగ్గర, మందుల షాపు దగ్గర పాకే ఎర్ర అక్షరాలు. చదువు అంతంతమాత్రంగా ఉన్న తల్లి ఆసుపత్రికి పోతూ చూసుకునే తెలుగు అదే. అది చుక్క పోయి, వత్తు పోయి ఎదురైతే ఆమె పక్కవాళ్లను అడగాల్సి వస్తుంది.

దీనికి మందు కాతిబుల దగ్గరే ఉంది. యంత్రం కుదించిన అక్షరాన్ని ఒప్పుకోకుండా, చేయి తిరిగినవాళ్లు ఒక్కో అక్షరాన్నీ గళ్లలో కూర్చుని గీయాలి. జీఎన్‌యూ యూనిఫాంట్ అనే ఉచిత ఖతిలో ప్రపంచ లిపులతో పాటు తెలుగు అక్షరాలు కూడా 16 వరుసల గళ్లలో ఉన్నాయి. అది మంచి మొదలు. అయితే విడి అక్షరాల పట్టికతో తెలుగు పూర్తికాదు. వత్తులు, గుణింతాలు కలిసిన రూపాలను విడిగా గీయాలి. ‘ఫ’ అడుగు గీతకు ఒక చుక్కకు బదులు రెండు ఇవ్వాలి. తలకట్టును ఒక వరుస పైకి జరిపి వత్తుకు చోటు మిగల్చాలి. సున్నను అంకె సున్నతో కలిసిపోకుండా కాస్త చిన్నది చేయాలి. ఇవన్నీ కన్నూ చేయీ తేల్చాల్సిన సంగతులు. సుసాన్ కేర్ అలా కూర్చుంది కాబట్టే చికాగో నిలిచింది.

బోర్డు పెయింటింగ్ తెలిసినవాళ్లు, ముగ్గు చేయి ఉన్నవాళ్లు, ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలు ఎవరైనా ఒక గళ్ల నోటుబుక్కు తీసుకుని మొదలుపెట్టవచ్చు. ముందు ఊళ్ల పేర్లతో మొదలుపెట్టండి. లింగంపల్లి, కాచిగూడ, ఉప్పుగూడ, ఉందానగర్. తయారయ్యాక ఆ ఖతికి లోకల్ రైలు స్టేషన్ పేరే పెట్టండి. ఫలక్‌నుమా అన్న పేరు ఖాళీగా ఉంది.

అధికారులకు ఒక మాట. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమాలో పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన చేశారు. మహాత్మా గాంధీ బస్ స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల దారిగా అది ప్రణాళికలో ఉంది. రేపు ఆ స్టేషన్లకు, వాటి దగ్గర ఆగే బస్సులకు బోర్డులు కొంటారు. కొనే కాగితంలో తెలుగుకు, ఉర్దూకు 16 వరుసలు చాలవని రాయండి. ప్యానెల్ మీద ప్యానెల్ పెట్టి 32 వరుసలు ఇవ్వండి.